మూడేళ్ల మోకాలు

నా కుడి మోకాలికి మూడేళ్లు.
సైకిలుకి ఇంకా రెండు నిండలేదు.
మిగతా నాకు డెబ్బై నాలుగు.
ముగ్గురం కలిసి పొద్దున్నే బయల్దేరతాం,
ఇన్ నది ఇంకా పొగమంచు ముసుగు తీయకముందే.

ఈ దారి నాకు కొత్త కాదు.
ముప్ఫై ఒక్క ఏళ్లు కొండమీది కొట్టాలకి ఉత్తరాలు మోశాను.
పింఛను కాగితాలు, విత్తనాల జాబితాలు,
కుర్రాళ్లకి సైన్యం పిలుపులు,
ఒకసారి, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో కోడిపిల్లలు.
దారంతా అవి కిచకిచమంటూనే ఉన్నాయి,
నేనూ ఏదో ఒకటి బదులు చెబుతూనే ఉన్నాను.
అప్పుడు నాకున్నదల్లా పిక్కబలం,
ఒక తోలుసంచి, రెండు జతల మేజోళ్లు.

ఇప్పుడు నా పాదాల మధ్య
ఒక చిన్న మోటారు గొణుగుతుంది,
అగ్గిపెట్టెలో పడ్డ జోరీగలా.
ఎక్కి కూర్చుంటే చాలు, అదే మోసుకుపోతుందని
చాలామంది అనుకుంటారు.
పోదు.
నేను తొక్కడం మానితే అదీ మానేస్తుంది.
నేనొక ఫ్రాంకు వేస్తే అది రెండు వేస్తుంది;
ఆ ఒక్కటీ మాత్రం
నా జేబులోంచే రావాలి.

యాఖెన్ ఒప్పుకోడు. "మోసం" అంటాడు.
ఇళ్ల గోడల తడి సున్నం మీద బొమ్మలు గీకేవాడు,
నలభై ఏళ్లు నిచ్చెనల మీదే బతికాడు.
గీత తప్పితే చెరిపే వీల్లేని పని.
అందుకేనేమో, అన్న మాట కూడా చెరపడు.
గుమ్మం ముందు బల్ల మీద కూర్చుని
నేను వెళ్లేదీ చూస్తాడు, వచ్చేదీ చూస్తాడు.
"మోటారుకి బాగా చెమట పట్టిందా?" అని అడుగుతాడు.
నా చొక్కా విప్పి అతని ముందే పిండాలనిపిస్తుంది.

లార్చ్ చెట్లు ఆకు రాలుస్తున్నాయి,
దారికి ఎవరో పసుపు రాసినట్టుంది.
మోటారు లేని కుర్రాళ్లిద్దరు
నిలబడి తొక్కుతూ రొప్పుతున్నారు.
వాళ్లను దాటేటప్పుడు సిగ్గేసింది.
అబద్ధమెందుకు, సిగ్గు కొంచెమే.
"అలెగ్రా" అన్నాను, మా లోయ పలకరింపు.
ఒకడికి బదులివ్వడానికి ఊపిరి చాల్లేదు.

ఆఖరి కొట్టం దగ్గర ఎప్పుడూ ఆగుతాను.
అక్కడిప్పుడు ఎవరూ లేరు.
తలుపుకి ఉత్తరాల సందు మాత్రం ఉంది, ఇత్తడి రేకుతో.
వేలు పెట్టి చూస్తాను:
స్ప్రింగు ఇంకా కొరుకుతుంది.

ఎక్కడం గురించే అందరూ అడుగుతారు.
దిగేటప్పుడు మోటారు నోరెత్తదు.
ఇరవై నాలుగు కిలోల బరువు కిందికి ఒకటే లాగుడు.
వేర్లు, తడి రాళ్లు, ఆవులకి అడ్డం కట్టిన తీగ.
బ్రేకు మీద ఒక్కో వేలు, మోచేతులు వంచి,
చూపు చక్రం మీద కాదు, మలుపు అవతల.
భయానికి బ్యాటరీ లేదు.
అదంతా నా సొంత సరుకు.
పోయిన మంగళవారం పడ్డాను కూడా.
ఎవరికీ చెప్పలేదు.
నాచు మీద, మెత్తగా, పక్కకి.
కాసేపు అలాగే పడుకుని మబ్బుల్ని చూశాను.
మోకాలు ముందు లేచింది,
తర్వాత నేను.

ఇవాళ యాఖెన్ బల్ల మీద లేడు.
వాకిట్లో సైకిలు కడుగుతుంటే
వెనక వచ్చి నిలబడ్డాడు.
చేతికర్రతో చక్రాన్ని తాకాడు, చువ్వ ఒకటి మోగింది.
చాలాసేపు దాన్ని అలాగే చూశాడు,
మొదటి గీత ఎక్కడ వేయాలా అని
ఖాళీ గోడను చూసినట్టు.
తర్వాత, నా వైపు కాదు, కొండ వైపు తిరిగి,
"ఆ సీటు," అన్నాడు,
"ఎంతవరకు దిగుతుంది?"

నీళ్లు కట్టేశాను.
యాఖెన్ కాళ్లు పొట్టి. బడి రోజుల నుంచీ పొట్టే.
మీట నొక్కి, అరచేయి ఆనించి వాలాను.
బురదనీళ్లు కారుస్తూ
అది మెల్లగా
ఇంకా ఇంకా కిందికి దిగింది.